మూసినా మూతపడని కాంటా ప్రోగ్రామ్: ఒక జిన్నింగ్ మిల్లు కేసు

వరంగల్ చుట్టుపక్కల ఉన్న ఒక జిన్నింగ్ మిల్లులో రెండు పత్తి సీజన్ల కిందట జరిగిన పని ఇది. మిల్లు పేరు, ఊరు, మనుషుల పేర్లు చెప్పడం లేదు. తూకాల అంకెలు కొద్దిగా మార్చాను. మిగతాదంతా నా నోట్‌బుక్‌లో రాసుకున్నదే. క్యూటీలో (ఒకే కోడ్‌తో విండోస్, లైనక్స్ రెండింటి మీదా నడిచే ప్రోగ్రామ్‌లు రాయడానికి వాడే లైబ్రరీ) థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్ లోపల ఏకకాలంలో నడిచే పనులు) వాడుతూ, ప్రోగ్రామ్ మూసే దగ్గర ఇబ్బంది పడుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. లైనక్స్ మీద రాసి, విండోస్ వాడేవాళ్లకు ఇచ్చేవాళ్లయితే తప్పకుండా చదవండి.

నేపథ్యం

మిల్లులో రెండు కాంటాలు ఉన్నాయి. గేటు దగ్గర బండ్లు ఎక్కే పెద్ద వే బ్రిడ్జి, లోపల బేళ్లు, గింజల బస్తాలు తూచే చిన్న కాంటా. పెద్ద కాంటా గదిలో విండోస్ 7 నడిచే పాత కంప్యూటర్, దానికి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. చిన్న కాంటా దగ్గర ఉబుంటు లైనక్స్. రెండు చోట్లా ఒకే ప్రోగ్రామ్. సీ ప్లస్ ప్లస్‌లో, క్యూటీ 5.15 మీద రాసింది. క్యూటీ 6 విండోస్ 7 మీద నడవదు కాబట్టి అక్కడే ఆగిపోయాం.

కాంటా ఇండికేటర్ తెలుసు కదా, ఎర్ర అంకెలు వెలిగే డబ్బా. బరువు మారినా మారకపోయినా అది సీరియల్ పోర్టు మీద ఆ అంకెను పంపుతూనే ఉంటుంది. ప్రోగ్రామ్‌లో ఒక థ్రెడ్ ఆ బైట్లను చదివి, బరువు నిలకడగా ఉందో లేదో చూసి, స్క్రీన్ మీద చూపిస్తుంది. ఆపరేటర్ బండి నంబర్ కొట్టి ఓకే నొక్కితే తూకం చీటీ వస్తుంది. పత్తి దింపాక ఖాళీ బండి మళ్లీ కాంటా ఎక్కుతుంది. రెండింటి తేడా రైతు పత్తి. ఆ చీటీ మీద ఉన్న అంకెతోనే డబ్బులు లెక్క కడతారు. ఎనుమాముల మార్కెట్‌లో తక్‌పట్టీకి (రైతుకు ఇచ్చే లెక్క చీటీ) ఎంత విలువో, మిల్లు దగ్గర ఈ చీటీకి అంత విలువ.

ప్రోగ్రామ్ నేను రాసింది కాదు. రాసినవాళ్లు వేరే ఊరికి వెళ్లిపోతే చూసుకునే పని నా మీద పడింది. వాళ్లది తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. వాళ్లు రాసిన పద్ధతిలోనే నేనూ చాలా చోట్ల రాశాను.

ఫిర్యాదు

డిసెంబర్‌లో ఒక పొద్దున ఆపరేటర్ ఫోన్ చేశాడు. "సార్, కాంటా పట్టుకుంటలేదు. పోర్ట్ ఓపెన్ అయితలేదని వస్తున్నది. బండ్లు రోడ్డు దాకా లైన్ కట్టినయ్." కంప్యూటర్ రీస్టార్ట్ చేయమన్నాను. పనిచేసింది. పది పదిహేను రోజులకు మళ్లీ అదే ఫోన్. దాంతోపాటు ఇంకో మాట చెప్పాడు: కొన్ని రాత్రులు ప్రోగ్రామ్ బంద్ చేస్తే కిటికీ తెల్లబడి నాట్ రెస్పాండింగ్ అని వస్తోందట. అప్పుడు అతను యూపీఎస్ స్విచ్ ఆపేసి ఇంటికి వెళ్తున్నాడట.

చిన్న కాంటా దగ్గర, ఉబుంటు మీద, ఇలాంటిది ఒక్కసారి కూడా రాలేదు. నా దగ్గర హన్మకొండలో ఉన్నదీ ఉబుంటే. నాకూ రాలేదు. కోడ్ ఒకటే, ఒక చోట ఇబ్బంది, ఇంకో చోట లేదు అనేసరికి నా అనుమానం కోడ్ మీద నుంచి తప్పుకుంది. ఈ కేసులో నేను పోగొట్టుకున్న మొదటి రెండు వారాలు ఆ ఒక్క ఆలోచన వల్లే. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే వైరు బాగాలేదనుకుని కొత్తది పెట్టించాను. యాంటీవైరస్ అడ్డుపడుతోందనుకుని మా ఫోల్డర్‌ను దాని జాబితాలోంచి తీయించాను. ఏదీ తేడా తేలేదు.

తాళం ఉంది, వేసినవాడు లేడు

మూడోసారి ఫోన్ వచ్చినప్పుడు రీస్టార్ట్ చేయవద్దని చెప్పి బైక్ మీద బయల్దేరాను. నేను వెళ్లేదాకా బండ్లను పక్క మిల్లు కాంటాకు పంపించారు. సేటు కోపంగానే ఉన్నాడు, న్యాయమే. టాస్క్ మేనేజర్ తెరిస్తే మా ప్రోగ్రామ్ అందులో ఉంది. రాత్రి కిటికీ మూసుకుపోయింది కానీ ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, బతికే ఉంది. కామ్ పోర్టు (సీరియల్ పోర్టుకు విండోస్‌లో పేరు) దాని చేతిలోనే ఉంది. పొద్దున తెరిచిన కొత్త ప్రోగ్రామ్‌కు పోర్టు దొరకకపోవడంలో వింత లేదు.

ఆ బతికున్న ప్రాసెస్‌ను చంపకుండా ముందు దాని డంప్, అంటే ఆ క్షణాన దాని మెమరీ నకలు, తీశాను. ఇంటికొచ్చి విన్‌డీబగ్ అనే తప్పులు వెతికే టూల్‌లో తెరిచాను. కిటికీని నడిపే మెయిన్ థ్రెడ్ ఒక క్రిటికల్ సెక్షన్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం) దగ్గర ఆగి ఉంది. అది మా ప్రోగ్రామ్‌లో పెట్టుకున్న తాళం కాదు, విండోస్ హీప్ తాళం. అంటే మెమరీ ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వేసుకునేది. క్రిటికల్ సెక్షన్‌లో, ప్రస్తుతం ఆ తాళం ఎవరి చేతిలో ఉందో ఆ థ్రెడ్ నంబర్ రాసి ఉంటుంది. ఆ నంబర్ పట్టుకుని ప్రాసెస్‌లో ఉన్న థ్రెడ్ల జాబితా అంతా వెతికాను. ఆ నంబర్ గల థ్రెడ్ లేదు. తాళం వేసి ఉంది, వేసినవాడు లేడు. చీకట్లో స్క్రీన్ ముందు కూర్చుని ఆ జాబితాను మూడుసార్లు చదివాను. అప్పటిదాకా విడివిడిగా కనిపించిన మూడు ఫిర్యాదులు అక్కడ ఒకటైపోయాయి.

మూసే కోడ్‌లో రెండే లైన్లు ఉన్నాయి: పోర్టు చదివే థ్రెడ్ మీద టెర్మినేట్, ఆ తర్వాత వెయిట్. చంపు, చచ్చేదాకా ఆగు. చూడ్డానికి ఇందులో తప్పేమీ కనిపించదు.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కేసంతా ఇదే. క్యూటీలో టెర్మినేట్ అనే పేరు ఒకటే అయినా, కింద జరిగేది ఒకటి కాదు. లైనక్స్ మీద అది పీథ్రెడ్ క్యాన్సిల్‌ను పిలుస్తుంది. దాని మామూలు పద్ధతి ప్రకారం థ్రెడ్ ఉన్నచోట ఉన్నట్టు పోదు. పోల్, రీడ్, స్లీప్ లాంటి క్యాన్సిల్ కావడానికి ఒప్పుకున్న చోటికి వచ్చినప్పుడే పోతుంది. పోయేటప్పుడు కూడా, ఉబుంటులో ఉండే సీ లైబ్రరీ జీలిబ్‌సీ, స్టాక్‌ను (ఒకదాన్నొకటి పిలిచిన ఫంక్షన్ల దొంతర) వెనక్కి విప్పుకుంటూ వస్తుంది. దారిలో ఉన్న ఆబ్జెక్టుల డిస్ట్రక్టర్లు (ఆబ్జెక్టు పోయేటప్పుడు సర్దిపెట్టే కోడ్) నడుస్తాయి. మ్యూటెక్స్ లాకర్ ఉంటే తాళం తీస్తుంది. మా థ్రెడ్ తన సమయంలో నూటికి తొంభై తొమ్మిది వంతులు పోర్టు మీద బైట్ల కోసం పోల్‌లోనే ఎదురుచూస్తూ ఉంటుంది కాబట్టి, అక్కడే మర్యాదగా ముగిసిపోయేది.

విండోస్ మీద అదే పిలుపు టెర్మినేట్ థ్రెడ్ అనే సిస్టమ్ ఫంక్షన్‌కు పోతుంది. అది అడగదు, ఆగదు. ఆ క్షణాన థ్రెడ్ ఏ పనిలో ఉంటే ఆ పని మధ్యలోనే పోతుంది. డిస్ట్రక్టర్లు నడవవు. చేతిలో క్రిటికల్ సెక్షన్ ఉంటే అలాగే ఉండిపోతుంది. మెమరీ అడుగుతున్న క్షణంలో పోతే హీప్ తాళం ఇక ఎప్పటికీ తెరుచుకోదు. ఈ ప్రమాదాలను మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంటేషన్‌లోనే చెప్పింది. క్యూటీ కూడా టెర్మినేట్ పక్కన ఇది ప్రమాదకరమని, తప్పనిసరైతేనే వాడమని హెచ్చరిక పెట్టింది. నేను అంతకు ముందు అది చదివాను కూడా. కానీ నా కంప్యూటర్ మీద ఎన్నడూ ఏమీ కాలేదు కాబట్టి ఆ హెచ్చరిక బరువు నాకు తెలియలేదు.

మా థ్రెడ్ వచ్చిన ప్రతి ఫ్రేమ్‌ను (ఇండికేటర్ ఒక్కసారి పంపే బైట్ల గుంపు) క్యూటీ టెక్స్ట్ రకమైన క్యూస్ట్రింగ్‌గా మార్చి, ముక్కలు చేసి, అంకె తీసేది. అంటే సెకనుకు ఎన్నోసార్లు మెమరీ తీసుకుని వదిలేసేది. మూసే క్షణం, మెమరీ తీసుకునే క్షణం కలవడం అరుదు. పది పదిహేను రోజులకోసారి కలిసేవి. అందుకే ఫోన్లు ఆ లెక్కన వచ్చాయి.

టెర్మినేషన్‌ను కాసేపు వద్దని చెప్పే సెట్ టెర్మినేషన్ ఎనేబుల్డ్ అనే సదుపాయం క్యూటీలో ఉంది. ముఖ్యమైన పని ముందు ఆపి, తర్వాత మళ్లీ అనుమతించవచ్చు. దాన్ని వాడదామా అని ఒక సాయంత్రం ఆలోచించాను. వద్దనుకున్నాను. మెమరీ అడగని లైన్ మా లూప్‌లో దాదాపు లేదు. క్యూటీ లోపల ఎక్కడెక్కడ అడుగుతుందో నాకు కనిపించదు. అన్ని చోట్లా అడ్డుపెడితే టెర్మినేట్ పనిచేసే చోటు మిగలదు. ఒక్క చోట మరిచిపోయినా రోగం మళ్లీ మొదలు.

చేసి చూసినవి, పనిచేయనివి

మొదట టెర్మినేట్ లైన్ తీసేసి, లూప్‌లో ఒక ఆగు అనే జెండా పెట్టి, వెయిట్ ఒక్కటే ఉంచాను. నా దగ్గర బ్రహ్మాండంగా నడిచింది. మిల్లులో మొదటి రాత్రే నిలిచిపోయింది, ఈసారి ఉబుంటు మీద కూడా. కారణం పట్టుకోవడానికి కాంటా గదిలో ఆపరేటర్ పక్కన కూర్చుని అతను ఎలా మూస్తాడో చూడాల్సి వచ్చింది. అతను ముందు ఇండికేటర్ స్విచ్ ఆపుతాడు, తర్వాత ప్రోగ్రామ్ మూస్తాడు. కాంటా బిగించినవాళ్లు మొదటి రోజు అలాగే చెప్పారట, అదే అలవాటైంది. ఇండికేటర్ ఆగాక బైట్లు రావు. కోడ్‌లో వెయిట్ ఫర్ రెడీ రీడ్‌కు మైనస్ ఒకటి ఇచ్చి ఉంది. అంటే గడువు లేదు, బైటు వచ్చేదాకా ఎంతసేపైనా ఆగు అని. థ్రెడ్ బైటు కోసం ఆగింది, మెయిన్ థ్రెడ్ ఆ థ్రెడ్ కోసం ఆగింది. నేను పెట్టిన జెండాను చూసేవాళ్లే లేరు. నా టేబుల్ మీద ఇండికేటర్ బదులు అంకెలు పంపే చిన్న ప్రోగ్రామ్ ఎప్పుడూ నడుస్తూనే ఉండేది. అందుకే నాకు ఈ తప్పు దొరకలేదు.

క్విట్ పిలిచి చూడమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. క్విట్ అనేది థ్రెడ్‌లో నడిచే ఈవెంట్ లూప్‌కు (వచ్చిన పనులను ఒక్కొక్కటిగా అందుకుని చేసే లూప్) ముగించు అని చెప్పే మాట. మా థ్రెడ్ రన్ ఫంక్షన్‌ను మార్చి రాసుకున్నది, అందులో ఈవెంట్ లూప్‌ను మొదలుపెట్టే ఎగ్జెక్ లేదు, ఈవెంట్ లూప్ లేదు. లేని లూప్‌కు చెప్పిన మాట ఎవరూ వినరు. ఎర్రర్ కూడా రాదు. చాలామంది ఇక్కడ మోసపోతారు కాబట్టి చెబుతున్నాను.

మూడోది, అందరూ చివరికి చేరుకునేది: మూడు వేల మిల్లీసెకన్లు వెయిట్ చేయి, అప్పటికీ ముగియకపోతే టెర్మినేట్ చేయి. సీజన్ మధ్యలో ఉన్నాం, ఫోన్లు ఆగాలి, టెన్షన్ ఎక్కువగా ఉంది. చంపే సందర్భాలు తగ్గుతాయి కదా అని నాకు నేను నచ్చజెప్పుకుని పెట్టేశాను. ఫోన్లు ఆగాయి.

ఎనిమిదో రోజున పరకాల వైపు నుంచి ఒక రైతు చీటీ పట్టుకుని మిల్లు ఆఫీసుకు వచ్చాడు. నిండు ట్రాలీ తూకం, 4,310 కిలోలు, మా ప్రింటర్ కొట్టిన చీటీయే. కంప్యూటర్‌లో ఆ తూకం లేదు. ముందు నంబర్ ఉంది. ఆ చీటీ నంబర్‌తో ఇంకో బండి ఉంది. ఆఫీసులో ఉన్నవాళ్లు అతన్నీ, చీటీనీ మార్చిమార్చి చూశారు. అతనేమీ అరవలేదు. "మీ మిషనే ఇచ్చింది కద సార్" అని ఆ కాగితాన్ని టేబుల్ మీద చదును చేసి పెట్టాడు. గేటు దగ్గర వాచ్‌మన్ చేత్తో రాసే పుస్తకంలో బండి నంబర్, వచ్చిన టైము ఉన్నాయి కాబట్టి సేటు ఆ చీటీనే ఖరారు చేశాడు. ఆ పుస్తకం లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించలేను.

జరిగింది ఇదీ. అది ఆ రోజు చివరి బండి. చదివే థ్రెడ్డే చీటీ ప్రింట్‌కు పంపి, ఆ తర్వాత ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో రాసేది. ఆపరేటర్ చీటీ చింపి ఇచ్చి వెంటనే ప్రోగ్రామ్ మూశాడు. పాత హార్డ్ డిస్క్, ఏదో అప్‌డేట్ నడుస్తోంది, రాయడం ఆలస్యమైంది. మూడు సెకన్లు దాటాయి. నేను పెట్టిన లైన్ ఆ థ్రెడ్‌ను కమిట్‌కు (రాసినదాన్ని డేటాబేస్‌లో ఖరారు చేయడం) ముందు చంపేసింది. మర్నాడు పొద్దున ఎస్‌క్యూలైట్ సగంలో ఆగిన పనిని జర్నల్ చూసి వెనక్కి తీసేసింది. దాని పని అది సరిగ్గా చేసింది. కాగితం మీద ఉన్న తూకం కంప్యూటర్‌లో లేకుండా పోయింది.

మూడు సెకన్లనేది నేను ఊహించిన అంకె. ఆ థ్రెడ్‌కు ఎంత టైము పడుతుందో కొలిచింది కాదు. పదికి పెంచమని ఎవరైనా అంటే, పదకొండు సెకన్లు పట్టిన రోజున ఏమవుతుందని అడగాలి. గడువు తీరాక ఏం చేస్తామన్నది అసలు ప్రశ్న. గడువు ఎంతన్నది తర్వాతి సంగతి.

పనిచేసిన దారి

ఆ రైతు వచ్చి వెళ్లిన రాత్రి పాత కోడ్ మీద కొత్త అతుకులు వేయడం మానేశాను. కాగితం మీద ఒకే ప్రశ్న రాసుకున్నాను: ఈ థ్రెడ్ చేసే పనుల్లో మధ్యలో వదిలేసినా నష్టం లేనిది ఏది, ఏమైనా సరే పూర్తి కావాల్సినది ఏది? పోర్టు నుంచి అంకె చదవడం మధ్యలో ఆగినా ఏమీ పోదు, మరుక్షణం ఇండికేటర్ ఇంకో అంకె పంపుతుంది. తూకాన్ని డేటాబేస్‌లో రాయడం మాత్రం మధ్యలో ఆగకూడదు. ఈ రెండు పనులూ ఒకే థ్రెడ్‌లో ఉన్నందువల్లే, ఆపాలన్నా భయం, ఆపకపోయినా ఇబ్బంది.

కాబట్టి విడగొట్టాను. చదివే థ్రెడ్ ఒకటి, రాసే థ్రెడ్ ఒకటి.

చదివే థ్రెడ్‌లో వెయిట్ ఫర్ రెడీ రీడ్‌కు 250 మిల్లీసెకన్ల గడువు పెట్టాను. బైట్లు వచ్చినా రాకపోయినా లూప్ తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఈజ్ ఇంటరప్షన్ రిక్వెస్టెడ్ అని చూసుకుంటుంది. బయటి నుంచి రిక్వెస్ట్ ఇంటరప్షన్ అని పిలిస్తే చాలు, పావు సెకనులోపే తన పోర్టు తానే మూసుకుని రన్ ఫంక్షన్ నుంచి బయటికి వస్తుంది. క్యూటీ 5.2 నుంచి ఈ రెండూ ఉన్నాయి. లోపల జరిగేది ఒక జెండా ఎత్తడమే. ఆ జెండాను చూసే పని మనదే, చూడకపోతే అది ఏమీ చేయదు. పాత కోడ్‌లో సీరియల్ పోర్టు ఆబ్జెక్టును కన్‌స్ట్రక్టర్‌లో పుట్టించేవారు. అలా చేస్తే అది మెయిన్ థ్రెడ్‌కు చెందుతుంది. దాన్ని కూడా రన్ లోపలికి మార్చాను.

రాసే థ్రెడ్‌కు ఈవెంట్ లూప్ ఇచ్చాను. పనులు వరుసగా దాని క్యూలో పడతాయి. దీన్ని ముగించడంలో ఒక మెలిక ఉంది. నేరుగా క్విట్ పిలిస్తే, క్యూలో ఇంకా మిగిలిన పనులు అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది. క్విట్ అంటే లూప్‌ను ఆపమని మాత్రమే, క్యూ ఖాళీ చేసి ఆపమని కాదు. అందుకని క్విట్‌ను కూడా ఒక పనిగా మార్చి క్యూ చివర వేశాను. వరుసలో దాని ముందున్నవన్నీ అయ్యాకే దాని వంతు వస్తుంది. మార్కెట్‌లో గేటు మూసేవాడిని చివరి బండి వెనుక నిలబెట్టినట్టు.

ఆపే వరుస కూడా ముఖ్యమే. చదివే థ్రెడ్ పూర్తిగా ఆగాకే రాసే థ్రెడ్‌కు చివరి పని పంపాలి. తిరగేస్తే, రాసేవాడు వెళ్లిపోయాక చదివేవాడు పంపిన తూకం ఎక్కడికీ పోదు. ఇంకో మార్పు కోడ్‌లో చిన్నదే గానీ నా దృష్టిలో అన్నింటికన్నా పెద్దది: ముందు కమిట్, తర్వాతే ప్రింట్. చీటీ చేతికి వచ్చిందంటే తూకం రాసి ఉన్నట్టే.

ఇదంతా పెట్టి మొదటిసారి నడిపితే మళ్లీ నిలిచిపోయింది. ఈసారి సంతోషించాను, ఎందుకంటే విండోస్ మీద, ఉబుంటు మీద, నా టేబుల్ మీద, ఎక్కడైనా ప్రతిసారీ అదే చోట నిలిచింది. అలాంటి తప్పు పట్టుకోవడం తేలిక. చదివే థ్రెడ్ బరువు నిలకడగా ఉందని తేల్చినప్పుడు, బండి నంబర్ కోసం మెయిన్ థ్రెడ్‌ను అడిగి జవాబు వచ్చేదాకా ఆగేది. దానికి బ్లాకింగ్ క్యూడ్ కనెక్షన్ వాడారు. సరిగ్గా అప్పుడే మూస్తే, మెయిన్ థ్రెడ్ వెయిట్‌లో కూర్చుంటుంది. వెయిట్‌లో ఉన్న థ్రెడ్ తన ఈవెంట్ లూప్‌ను నడపదు, అడిగిన ప్రశ్న దాని దాకా రాదు. ఒకరి కోసం ఒకరు ఆగారు, ఇద్దరూ కదలరు. ఇంటరప్షన్ జెండా ఎత్తి ఉన్నా లాభం లేదు, చూడాల్సినవాడు ప్రశ్న అడిగి నిలబడిపోయాడు.

ఆ కనెక్షన్‌ను మామూలు క్యూడ్ కనెక్షన్‌గా మార్చాను. చదివే థ్రెడ్ బరువు చెప్పి తన దారిన తాను పోతుంది, నంబర్‌ను బరువుకు జతచేసే పని మెయిన్ థ్రెడ్‌ది. అంతటితో ఆగకుండా, మెయిన్ థ్రెడ్ వెయిట్‌లో కూర్చోవడం అవసరమా అని కూడా చూశాను. అవసరం లేదు. ఇప్పుడు మూసే బటన్ నొక్కితే క్లోజ్ ఈవెంట్‌ను ముందు తిరస్కరిస్తాం. రిక్వెస్ట్ ఇంటరప్షన్ పంపి, "తూకాలు భద్రపరుస్తున్నాం, ఆగండి" అని తెలుగులో చూపిస్తాం. చదివే థ్రెడ్ నుంచి ఫినిష్డ్ సిగ్నల్ వస్తే రాసే థ్రెడ్‌కు చివరి పని, దాని నుంచి ఫినిష్డ్ వస్తే అప్పుడు నిజంగా మూత. కిటికీ తెల్లబడదు. ఆపరేటర్‌కు ఏం జరుగుతోందో కనిపిస్తుంది కాబట్టి యూపీఎస్ స్విచ్ మీదకు చెయ్యి పోదు.

ఫినిష్డ్ సిగ్నల్ వచ్చాక కూడా థ్రెడ్ ఆబ్జెక్టును డిలీట్ చేసే ముందు ఒక్కసారి వెయిట్ పిలుస్తాను. ఆ సిగ్నల్ థ్రెడ్ ముగియడానికి కాస్త ముందు వచ్చేది, పూర్తిగా ముగిశాక వచ్చేది కాదు. నడుస్తున్న థ్రెడ్ ఆబ్జెక్టును డిలీట్ చేస్తే క్యూటీ ప్రోగ్రామ్‌నే పడగొడుతుంది. ఆ చివరి వెయిట్‌కు ఒక్క రెప్పపాటు కూడా పట్టదు. వెయిట్‌ను ఎక్కువసేపు ఆగడానికి వాడకూడదు గానీ, అయిపోయిందని రూఢి చేసుకోవడానికి అంతకన్నా మంచిది లేదు.

అసలు మాట వినని థ్రెడ్

ఇంకో సందర్భం మిగిలింది. చౌక రకం యూఎస్‌బీ వైరు డ్రైవర్ ఒక్కోసారి లోపలే ఇరుక్కుపోతుంది. 250 మిల్లీసెకన్ల గడువు ఇచ్చినా పిలుపు తిరిగి రాదు. థ్రెడ్ మన కోడ్‌లో లేదు, ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఉంది, జెండా చూడలేదు. అప్పుడైనా టెర్మినేట్ వాడవచ్చు కదా అని సేటు కొడుకు అడిగాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మంచి ప్రశ్న.

నా జవాబు: థ్రెడ్‌ను చంపడం కంటే మొత్తం ప్రాసెస్‌ను ముగించడం ప్రమాదం తక్కువ. ప్రాసెస్ పోతే దాని మెమరీ, తాళాలు, ఫైళ్లు, అన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ తిరిగి తీసుకుంటుంది. థ్రెడ్ ఒక్కటే పోతే, అది వేసిన తాళాల మధ్య మిగతా ప్రోగ్రామ్ బతకాలి. కాబట్టి చదివే థ్రెడ్‌కు ఐదు సెకన్లు చూస్తాం. రాకపోతే దాన్ని అలాగే వదిలేసి, రాసే థ్రెడ్‌ను మామూలుగా పూర్తి చేయించి, డేటాబేస్ మూశాక, డిస్ట్రక్టర్లేవీ నడపకుండా ప్రాసెస్‌ను అక్కడికక్కడే ముగిస్తాం. ఇక్కడ గడువు పెట్టడానికి నాకు ధైర్యం ఎందుకు వచ్చిందంటే, ఆ థ్రెడ్ చేతిలో ఇప్పుడు పోగొట్టుకునేది ఏమీ లేదు. రాసే థ్రెడ్‌కు మాత్రం గడువు లేదు. అది ఎంతసేపు రాస్తే అంతసేపు ఆగుతాం.

రెండుసార్లు డ్రైవర్ ఎంత లోతుగా ఇరుక్కుందంటే ప్రాసెస్ కూడా పోలేదు. వైరు పీకితే పోయింది. అది మన ప్రోగ్రామ్ చేతిలో లేని విషయం. ఆ రకం వైర్లు మార్పించాను, వైరు పీకే సంగతి కాంటా గదిలో గోడ మీద రాయించాను.

ప్రోగ్రామ్ మూయకుండానే నేరుగా విండోస్ షట్ డౌన్ నొక్కే అలవాటు కూడా ఉంటుంది. అప్పుడు విండోస్ మనకు ఇచ్చే సమయం కొన్ని సెకన్లే. అందుకని, విండోస్ ఆగబోతోందని క్యూటీ చెప్పే కమిట్ డేటా రిక్వెస్ట్ సిగ్నల్‌కు అదే మూసే వరుసను కట్టాను. ముందు కమిట్, తర్వాత ప్రింట్ అన్న పద్ధతి వచ్చాక, ఒకవేళ విండోస్ మధ్యలో తెంచినా చేతికి అందిన చీటీ ఏదీ కంప్యూటర్‌లో లేకుండా ఉండదు.

పరీక్షించిన పద్ధతి

ఈసారి నా టేబుల్ మీద కాంటా గదిని దింపాను. లైనక్స్ మీద సోక్యాట్‌తో, విండోస్ మీద కామ్‌జీరోకామ్‌తో జంట సీరియల్ పోర్టులు తయారుచేసి, ఒక వైపు ఇండికేటర్ లాగా అంకెలు పంపే ప్రోగ్రామ్ పెట్టాను. అది ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోతుంది, సగం ఫ్రేమ్ పంపి మానేస్తుంది, మళ్లీ మొదలుపెడుతుంది. ఇంకో స్క్రిప్ట్ మా ప్రోగ్రామ్‌ను తెరిచి, ఏదో ఒక క్షణాన మూసి, ప్రాసెస్ నిజంగా పోయిందో లేదో చూసి, ప్రింట్‌కు వెళ్లిన చీటీల నంబర్లను డేటాబేస్‌తో పోల్చేది. రెండు సిస్టమ్‌ల మీదా రాత్రంతా నడిచేది. మొదటి రాత్రి పాత కోడ్‌తో నడిపాను, తప్పు దొరుకుతుందో లేదో తెలియాలి కదా. విండోస్ మీద తెల్లవారేలోపు పట్టుబడింది. కొత్త కోడ్‌తో వారం నడిపాక మిల్లుకు తీసుకెళ్లాను.

ఈ కేసు తర్వాత నేను కోడ్ చదివే తీరు కొంత మారింది. ఎక్కడైనా వెయిట్ కనిపిస్తే రెండు ప్రశ్నలు వేస్తాను: ఆ థ్రెడ్ ఎవరి కోసం ఆగి ఉండవచ్చు, అది నా కోసమేనా? ఎక్కడైనా టెర్మినేట్ కనిపిస్తే, విడిగా ఆగగలిగేలా రాయనందువల్ల కదా ఇది వచ్చిందని చూస్తాను. జావాలో థ్రెడ్ స్టాప్‌ను వాడవద్దని 1998లోనే పక్కన పెట్టారు. సీ ప్లస్ ప్లస్ వాళ్లు 2011లో థ్రెడ్లు తెచ్చినప్పుడు చంపే ఫంక్షన్ అసలు ఇవ్వనే లేదు, 2020 ప్రమాణంలో జేథ్రెడ్‌తో పాటు ఆగమని అడిగే స్టాప్ టోకెన్ ఇచ్చారు. అందరూ అడిగే పద్ధతి వైపే వచ్చారు. ఆపరేటింగ్ సిస్టమ్ తేడాల మీద పరదా వేసే లైబ్రరీ వాడుతున్నప్పుడు, ఆ పరదా ఏ ఫంక్షన్ దగ్గర పల్చగా ఉందో తెలుసుకోవాలి. ఫైల్ తెరవడం, కిటికీ గీయడం దగ్గర అది మందంగానే ఉంటుంది. థ్రెడ్‌ను ఆపే దగ్గర మాత్రం అవతల ఏముందో కనిపించేంత పల్చన.

కిందటి సీజన్‌లో సేటు తన ఫోన్‌లో కాంటా అంకె కనిపించాలన్నాడు. క్యూటీయే కాబట్టి చదివే భాగాన్ని ఆండ్రాయిడ్‌కు తీసుకెళ్లాను, సీరియల్ పోర్టు బదులు నెట్‌వర్క్ నుంచి చదివేలా. ఆండ్రాయిడ్ సీ లైబ్రరీలో పీథ్రెడ్ క్యాన్సిల్ లేనే లేదు. పాత కోడ్ అయితే అక్కడ థ్రెడ్‌ను ఆపే దారే ఉండేది కాదు. కొత్త లూప్‌లో ఆపే భాగాన ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు.

పాత ప్రోగ్రామ్ ఇంకో రెండు మిల్లుల్లో నడుస్తోందని తర్వాత తెలిసింది. ఒక చోట మార్చేశాను. రెండో చోట బండ్లు ఆగని సీజన్, కాంటా ఒక్క గంట ఆపడానికి కూడా వాళ్లు ఒప్పుకోవడం లేదు. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి రమ్మన్నారు. అప్పటిదాకా రాత్రి చివరి చీటీ కొట్టాక ఐదు నిమిషాలు ఆగి ప్రోగ్రామ్ మూయమని, ఆ చీటీ నంబర్‌ను పుస్తకంలో చేత్తో కూడా రాయమని ఆపరేటర్‌కు చెప్పి వచ్చాను.